తరగతిలో తూకం, ఇంటర్వెల్‌లో చిప్స్: ఒక సైన్సు టీచరుకు జవాబు

మేడమ్, ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్ళీ చెప్తాను. మీరు 8, 9 తరగతులకు సైన్సు చెప్తారు. ఏడాదిగా పోషకాహార పాఠాలు కూడా మీకే అప్పగించారు. గోడకు ఆహార చార్టు అంటించారు. నెలకోసారి క్లాసులోనే అందరి బరువూ చూసి నోటుబుక్కులో ఎక్కిస్తున్నారు. క్విజ్ పెడితే దాదాపు అందరికీ మంచి మార్కులే. అయినా ఇంటర్వెల్ గంట కొట్టగానే అవే చిప్స్, అవే కూల్ డ్రింకులు. నోటుబుక్కులో బరువులు మాత్రం ఏమీ మారలేదు. "పాఠం ఎలా మార్చాలి?" అని అడిగారు. చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టు ఒక్క వాక్యం రాశారు: బరువు చూసిన రోజు ఎవరో నవ్వారట, అప్పట్నుంచి ఒక అమ్మాయి మధ్యాహ్నం అన్నం ముట్టడం లేదట.

పిల్లల క్లినిక్‌లోనూ బడుల్లోనూ కలిపి ఇరవై ఏళ్ళకు పైగా నేను చేస్తున్నది ఇదే పని. నన్నడిగితే ఆ చివరి వాక్యమే మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయం. అక్కడ్నుంచే మొదలుపెడతాను.

ఆ అమ్మాయిని పక్కకు పిలిచి మాట్లాడండి. బరువు ఊసు ఎత్తొద్దు, "అన్నం ఎందుకు తినట్లేదు" అని నిలదీయొద్దు. "ఈమధ్య నువ్వు మధ్యాహ్నం ఒక్కదానివే కూర్చుంటున్నావు, ఎలా ఉన్నావు?" అంటే చాలు. మొదటిసారి ఏమీ చెప్పకపోవచ్చు. రెండు రోజులాగి మళ్ళీ అడగండి. ఈలోపు కొన్ని గమనించండి: తిన్న వెంటనే బాత్‌రూమ్‌కు వెళ్ళడం, కళ్ళు తిరగడం, అందరికీ మామూలుగా ఉన్నప్పుడు తనకు చలెయ్యడం, బట్టలు వదులవడం, ఎండలో కూడా ఆగకుండా పరుగులు తీయడం. నెలసరి ఆగిపోయిందేమో వాళ్ళమ్మగారికి తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, లేదా భోజనం మానెయ్యడం రెండు వారాలు దాటినా, తల్లిదండ్రులతో మాట్లాడి పిల్లల డాక్టరు దగ్గరికి పంపించండి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. బొద్దుగా ఉన్న పిల్ల గబగబా సన్నబడితే చుట్టూ ఉన్నవాళ్ళంతా మెచ్చుకుంటారు. బయటికి మామూలు బరువే కనిపిస్తున్నా, లోపల నాడి నెమ్మదించి, రక్తపోటు పడిపోయి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన పిల్లల్ని నేను చూశాను. వాళ్ళలో ఒక అమ్మాయికి అంతకు నెల ముందే బడిలో "బాగా తగ్గావే" అని చప్పట్లు కొట్టారట.

తరగతిలో తూకం రేపట్నుంచి ఆపెయ్యండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను, దానివల్ల ఒక్క పిల్లవాడికీ మేలు జరగదు. ఎత్తూ బరువూ చూడాల్సిన అవసరమే వస్తే గది తలుపు వేసి, ఒక్కొక్కరినే పిలిచి, అంకె బయటికి చదవకుండా చూడాలి. అదీ ఆ అంకెను అర్థం చేసుకోగలిగినవాళ్ళు చూడాలి. ఎందుకంటే ఈ వయసులో అంకెలు చాలా మోసం చేస్తాయి.

మీరు సైన్సు టీచరు కాబట్టి కొంచెం లెక్క చెప్తాను. పెద్దవాళ్ళకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని గీత గీసేస్తాం. పిల్లలకు అలా కుదరదు. 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన చార్టుల్లో వయసుకో గీత ఉంటుంది, అబ్బాయిలకు వేరు, అమ్మాయిలకు వేరు. 17 ఏళ్ళ అమ్మాయికి బీఎంఐ 22 అంటే నిక్షేపంలాంటి బరువు. అదే 22 పదకొండేళ్ళ అమ్మాయికైతే అధిక బరువు కిందికి వస్తుంది. ఇంకొకటి చూడండి. 12 ఏళ్ళ అమ్మాయి, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. బీఎంఐ 24, చార్టు ప్రకారం అధిక బరువే. రెండేళ్ళలో ఆ పిల్ల 160 సెంటీమీటర్లకు ఎదిగి, బరువు అక్కడే 54 దగ్గర ఉందనుకోండి. బీఎంఐ 21కి దిగుతుంది, మామూలు పరిధిలోకి వచ్చేస్తుంది. ఒక్క కిలో కూడా తగ్గకుండానే. అందుకే ఎదిగే పిల్లల్లో చాలామందికి డాక్టర్లు "బరువు తగ్గించండి" అనరు, "పెరగడం నెమ్మదించనివ్వండి, ఎత్తు దాని పని అది చేస్తుంది" అంటారు. మీ నోటుబుక్కులో ఏడాదిగా ఎవరి బరువైనా కదలకుండా ఉంటే, వాళ్ళ ఎత్తు రాసుకోలేదు కాబట్టి అది మంచి వార్తో చెడు వార్తో మీకు తెలిసే దారి లేదు.

పైగా ఇది ఒళ్ళు మారే వయసు. సుమారుగా అమ్మాయిలు 12 ఏళ్ళ చుట్టుపక్కల, అబ్బాయిలు 14 చుట్టుపక్కల ఒక్కసారిగా సాగుతారు. సాగడానికి ముందు కాస్త ఒళ్ళు చేయడం చాలామందిలో మామూలే. అమ్మాయిల్లో తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదలలో ఒక భాగం. "వీడికి ఎంత పెట్టినా చాలదు" అని ఇంట్లో వినిపించే రోజులు ఇవే, ఆ ఆకలి తిండిపోతుతనం కాదు. 9 నుంచి 18 ఏళ్ళ మధ్య రోజుకు 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని అమెరికా ప్రమాణాలు చెప్తాయి. పెద్దయ్యాక ఒంట్లో ఉండే ఎముక బలంలో దాదాపు 90 శాతం ఇరవయ్యేళ్ళ లోపే కూడబెట్టుకుంటాం. నెలసరి మొదలైన అమ్మాయికి ఇనుము అవసరం అబ్బాయికన్నా ఎక్కువ. ఈ సమయంలో భోజనం మానేస్తే పోయేది కొవ్వు ఒక్కటే కాదు. బరువు ఎక్కువున్న పిల్లల్లో పోషణ కూడా ఎక్కువే ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. చిప్స్, తీపి పానీయాలతో కడుపు నింపుకునే పిల్లవాడు చూడ్డానికి పుష్టిగా ఉంటూనే రక్తహీనతతో ఉండొచ్చు. నా దగ్గరికి అలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు.

"తిండి తగ్గించు" అని ఈ పిల్లలకు చెప్తే ఏమవుతుందో చాలాకాలం క్రితమే చూశారు. అమెరికాలో 9 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, డైటింగ్ చేస్తున్నామన్న పిల్లలు చేయనివాళ్ళకన్నా ఎక్కువ బరువు పెరిగారు. పొద్దున మానేస్తారు, మధ్యాహ్నం మానేస్తారు, సాయంత్రం ఇంటికొచ్చి దొరికిందల్లా తింటారు, ఆ తర్వాత తమని తామే తిట్టుకుంటారు. 2016లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఊబకాయానికీ తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలకీ కలిపి ఒకే సలహా పత్రం తెచ్చింది. దాంట్లో మూడు విషయాలు మీ స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలియాలి: పిల్లలతో డైటింగ్ చేయించకండి, పిల్లల బరువు గురించీ మీ బరువు గురించీ వాళ్ళ ముందు మాట్లాడకండి, బరువు మీద వెక్కిరింతల్ని అసలు సాగనివ్వకండి. "నేనే ఈమధ్య లావైపోయాను, ఈ బిస్కెట్ నాకొద్దమ్మా" అని టీచరు నవ్వుతూ అన్న మాట కూడా పిల్లల మనసులో నాటుకుంటుంది. నేను కూడా మొదట్లో అలా మాట్లాడినదాన్నే.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. పిల్లలు చిప్స్ తినేది తెలియక కాదు, మీ క్విజ్ మార్కులే సాక్ష్యం. ఏది మంచిదో ఏది కాదో వాళ్ళకు మనకన్నా బాగా వచ్చు. మంత్రాలకు చింతకాయలు రాలతాయా అన్నట్టు, చార్టు వల్లె వేసినంత మాత్రాన ఇంటర్వెల్‌లో చెయ్యి వేరే ప్యాకెట్ మీదికి పోదు. 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళలో ఊబకాయాన్ని ఆపడానికి జరిగిన ప్రయత్నాలన్నిటినీ కూడగట్టి 2024లో కోక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. కేవలం తిండి మీద చేసిన కార్యక్రమాల వల్ల బరువులో తేడా దాదాపు లేదని, ఆటలూ శారీరక శ్రమా పెంచిన చోట మాత్రం కొద్దిపాటి మేలు ఉండొచ్చని తేల్చింది. కాబట్టి నోటుబుక్కు చూసి మీ పాఠం విఫలమైందని కుంగిపోవద్దు. బరువు అనే కొలబద్దతో మీ పాఠాన్ని కొలవడమే తప్పు.

మరి ఏం కదిలిస్తుంది? నా అనుభవంలో రెండు: చుట్టూ ఉన్న పరిస్థితి, పిల్లల ఆత్మాభిమానం.

పరిస్థితి గురించి జర్మనీలో జరిగిన ఒక పని నాకు చాలా ఇష్టం. డోర్ట్‌మండ్, ఎస్సెన్ నగరాల్లో 32 ప్రాథమిక పాఠశాలల్ని తీసుకుని, కొన్నిటిలో చల్లటి మంచినీళ్ళ కుళాయిలు పెట్టించారు, ప్రతి పిల్లకూ ఒక సీసా ఇచ్చారు, నీళ్ళ మీద నాలుగు పాఠాలు చెప్పారు. అంతే. ఒక విద్యా సంవత్సరం ముగిసేసరికి ఆ బడుల్లో పిల్లలు అధిక బరువులోకి వెళ్ళే ముప్పు మిగతా బడులకన్నా 31 శాతం తక్కువగా కనిపించింది. 2009లో వచ్చింది ఆ ఫలితం. మీ పిల్లలకన్నా చిన్నవాళ్ళ మీద చేసింది, నిజమే. కానీ దాహం వేసినప్పుడు చేతికి అందేది తాగుతారన్న సూత్రం పద్నాలుగేళ్ళకు మారిపోదు. మీ బడిలో కుళాయి ఎక్కడుందో, అందులో నీళ్ళు చల్లగా, శుభ్రంగా వస్తాయో లేదో ఒకసారి మీరే గ్లాసు పట్టుకెళ్ళి తాగి చూడండి. బాత్‌రూమ్ పక్కనున్న కుళాయి దగ్గర ఏ పిల్లవాడూ నీళ్ళు తాగడు, కూల్ డ్రింక్ కొంటాడు.

మీరు తర్వాత చూడాల్సింది భోజన విరామం. పది నిమిషాల్లో మింగి పరుగెత్తాల్సి వస్తే పిల్లలు నమలక్కర్లేనిది ఎంచుకుంటారు. క్యాంటీన్ ఉంటే కంటికి ఎదురుగా ఉన్న అరలో ఏముందో చూడండి. అక్కడ పండ్లు, వేయించిన గింజలు, ఉడికించిన గుడ్లు పెట్టించి, ప్యాకెట్లను వెనక అరకు జరిపించండి. నిషేధం జోలికి మాత్రం వెళ్ళకండి. కళ్ళముందు ఉంచి "ముట్టొద్దు" అని కట్టడి చేసిన తిండి మీదే పిల్లల ధ్యాస పెరుగుతుందని 1999లోనే ప్రయోగం చేసి చూపించారు. నిషేధం పెట్టిన ఒక బడిలో నేను చూసింది ఏమిటంటే, బ్యాగుల్లో చిప్స్ దొంగ వ్యాపారం మొదలైంది. ఆ కుర్రాళ్ళ చాకచక్యానికి మనసులో మెచ్చుకున్నాను కూడా. ఇంకో రెండు చిన్న విషయాలు: క్విజ్‌లో గెలిచినవాళ్ళకు చాక్లెట్లు ఇవ్వకండి, అల్లరి చేసినవాళ్ళకు మైదానం చుట్టూ పరుగు శిక్ష వెయ్యకండి. తీపిని బహుమతిగా, పరుగును శిక్షగా నేర్పాక మనం చెప్పే పాఠం ఎవరు నమ్ముతారు?

ఆత్మాభిమానం దగ్గరకొస్తే, ఈ వయసువాళ్ళకు "నలభై ఏళ్ళు వచ్చాక షుగర్ వస్తుంది" అంటే ఎవరో పరాయివాళ్ళ కథలా వింటారు. "నిన్ను ఎవరో ఆడిస్తున్నారు" అంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి. అమెరికాలో ఒక పరిశోధక బృందం సరిగ్గా మీ పిల్లల వయసువాళ్ళ మీద, 8వ తరగతి మీద, ఇది పరీక్షించి 2016లో ప్రచురించింది. కొందరికి మామూలు ఆరోగ్య పాఠం చెప్పారు. ఇంకొందరికి, ఆహార కంపెనీలు తినడం ఆపలేని రుచిని ఎలా తయారు చేస్తాయో, చిన్నపిల్లల్ని ఎలా గురిపెట్టి ప్రకటనలు చేస్తాయో చదివించారు. మర్నాడు, ఆ పాఠంతో సంబంధమే లేదనిపించే సందర్భంలో, చిరుతిండి ఎంచుకోమంటే రెండో గుంపు చిప్స్, తీపి తక్కువగా, పండ్లు, నీళ్ళు ఎక్కువగా ఎంచుకుంది. 2019లో మళ్ళీ చేస్తే బడి క్యాంటీన్ కొనుగోళ్ళలో అబ్బాయిల మార్పు మూడు నెలలపాటు నిలిచింది. అమ్మాయిల్లో అంత స్పష్టంగా కనిపించలేదు, కాబట్టి ఇదొక్కటే పట్టుకుని కూర్చోవద్దు.

నేను చేయించే పాఠం ఇలా ఉంటుంది, మీరు కావలసినట్టు మార్చుకోండి. పిల్లల్ని ఖాళీ ప్యాకెట్లు, సీసాలు తెమ్మంటాను. ఎవరు తిన్నారని అడగను. ముందు చక్కెర లెక్క. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. టీ చెంచాకు 4 గ్రాముల చొప్పున ఎన్ని చెంచాలో వాళ్ళనే కొలిచి గాజు గ్లాసులో పొయ్యమంటాను. ఎనిమిది దాటి తొమ్మిదో చెంచా పోస్తుంటే గదిలో వచ్చే చప్పుడు వినాలి మీరు. ఆ తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు చెప్తాను: రోజులో తీసుకునే శక్తిలో విడిగా కలిపిన చక్కెర 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. 2000 కిలోకేలరీలు తీసుకునేవాళ్ళకు అది 50 గ్రాములు, 25 గ్రాములు. పండ్లలో, పాలలో సహజంగా ఉండే చక్కెర ఈ లెక్కలోకి రాదు. తేనె, పండ్ల రసం మాత్రం వస్తాయి. ఇది పిల్లలకన్నా టీచర్లనే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

తర్వాత "ఒక సర్వింగ్" (ఒకసారికి తినే పరిమాణం అని కంపెనీ రాసేది) తిరకాసు. ప్యాకెట్ ముందువైపు కనిపించే అంకె చాలాసార్లు ఒక సర్వింగ్‌కి ఉంటుంది, ప్యాకెట్‌లో ఎన్ని సర్వింగులో వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరైనా ప్యాకెట్‌లో మూడో వంతు తిని మూత వేస్తారా అని అడుగుతాను. నవ్వులే నవ్వులు. చివర్లో ఒక ప్రకటన ఇచ్చి, అందులో ఎవర్ని గురిపెట్టారు, ఏ ఆశ చూపించారు, తిండి గురించి నిజంగా ఏం చెప్పారు అని వాళ్ళతోనే విప్పదీయిస్తాను. ఏం తినాలో నేను ఒక్క ముక్క కూడా చెప్పను. నిర్ణయం వాళ్ళకే వదిలేస్తాను. ఇది నేర్చుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఒక హెచ్చరిక. ఏడాది చేసి ఆపేస్తే లాభం నిలవదు. ఇంగ్లండ్ నైరుతిలో ఆరు ప్రాథమిక బడుల్లో గ్యాస్ పానీయాలు తగ్గించమని ఏడాది పాటు పాఠాలు చెప్పారు. ఏడాది చివర్లో మంచి తేడా కనిపించింది, 2004లో దాని గురించి బాగా చెప్పుకున్నారు. పాఠాలు ఆగాక రెండేళ్ళకు చూస్తే ఆ తేడా చెరిగిపోయింది.

ఇంటికి పంపే కాగితం గురించి. బరువు అంకె రాసి పంపొద్దు. నాలుగైదు మాటలు చాలు: వీలైనన్ని పూటలు అందరూ కలిసి, ఫోన్లూ టీవీ పక్కన పెట్టి తినండి. పొద్దున ఏదో ఒకటి తినకుండా పంపకండి. ఇంట్లో దాహానికి నీళ్ళే ఉంచండి. పళ్ళెంలో కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 400 గ్రాములకు చేరేలా చూడండి, పదేళ్ళు దాటినవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అది. ఫోన్ పడకగదిలోకి వెళ్ళనివ్వకండి, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లవాడు మర్నాడు తీపికోసం, వేపుళ్ళకోసం వెతుక్కుంటాడు. ఒకే ఇంట్లో లావుగా ఉన్న పిల్లకు వేరే వంట, సన్నగా ఉన్న అన్నకు వేరే వంట చేయొద్దని నోటితో చెప్పండి, కాగితం మీద రాస్తే అపార్థం చేసుకుంటారు.

ఆటల పీరియడ్‌ను గణితానికి అప్పు ఇవ్వకండి. రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలంటే, 11 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి అది అందడం లేదని 2016 నాటి లెక్క, అమ్మాయిల్లో 85 శాతం. జట్టులో ఎవరూ ఎంచుకోని పిల్లలు మైదానం గట్టు మీదే కూర్చుంటారు. వాళ్ళకు నడక, నాట్యం, తాడాట, ఓడిపోయే భయం లేని ఏదో ఒకటి ఉండాలి.

డాక్టరు చూడాల్సినవి కూడా చెప్పి తీరాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, దళసరిగా మారితే మురికి అని రుద్దించకండి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగడం, తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటడం, నెలసరి గాడి తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం వద్దు. కుంటుతున్న పిల్లవాడినైతే ఆ రోజే చూపించాలి. ఊబకాయం దాకా వెళ్ళిన పిల్లలకు బడి పాఠం సరిపోదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023 మార్గదర్శకాల్లో కుటుంబంతో కలిపి 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు ఎదురెదురుగా కూర్చోబెట్టి చేసే చికిత్స కావాలని చెప్పింది. అంతటి పని మీ నెత్తిన వేసుకోకండి. 2022లో 5 నుంచి 19 ఏళ్ళవాళ్ళు 39 కోట్లమందికి పైగా అధిక బరువుతో ఉన్నారు, అందులో 16 కోట్లమందికి ఊబకాయం. 1990లో ఆ వయసువాళ్ళలో 8 శాతం ఉన్న అధిక బరువు 20 శాతానికి చేరింది. ముప్పై ఏళ్ళలో పిల్లలందరికీ ఒక్కసారిగా బుద్ధి మందగించలేదు కదా, వాళ్ళ చుట్టూ దొరికే తిండి మారింది.

ఆ నోటుబుక్కును ఏం చెయ్యాలంటారా? బరువులున్న పేజీలు చించి పిల్లల కంటపడకుండా పారెయ్యండి. మిగిలిన పేజీల్లో వేరేవి రాయండి: ఇవాళ ఎంతమంది నీళ్ళ సీసా తెచ్చారు, ఎంతమంది భోజనం పూర్తిగా తిన్నారు, ఆటల పీరియడ్‌లో గట్టు మీద ఎంతమంది మిగిలారు. పేర్లు వద్దు, లెక్క చాలు. తూకం ఎందుకు ఆపుతున్నారని సోమవారం ఎవరైనా అడిగితే దాటవెయ్యకండి. "క్లాసులో అందరిముందూ బరువు చూడడం నేను చేసిన తప్పు, ఎవరికైనా బాధ కలిగి ఉంటే నన్ను క్షమించండి" అని ఆ మాటలతోనే చెప్పండి. చెప్పేటప్పుడు ఆ అమ్మాయి వైపు మాత్రం చూడకండి.